అన్నిటికీ ఒక్క సంచి

వస్తువు ఎంచడంలో నీలవేణికి సాటి లేరని గుణుపురం చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో పేరు. పుట్టింట్లో ఉన్నప్పుడు సంతలో వంకాయలు కొనాలన్నా, నాగలెడ్లు కొనాలన్నా వాళ్ళ నాన్న ఆమెను వెంటబెట్టుకుని పోయేవాడు. చేట కొంటే ఎండకెత్తి చూస్తుంది. చీపురు కొంటే ముందు ఆ దుకాణమే ఊడ్చి చూస్తుంది. కుండ కొంటే దుకాణంవాడు దండం పెట్టేదాకా వాయిస్తుంది. మొగుణ్ణి మాత్రం ఆమె ఎంచలేదు, పెద్దవాళ్ళు ఎంచారు. చూడబోతే ఆ సరుకూ బాగానే ఉందని కాపురానికొచ్చిన కొత్తల్లోనే ఆమెకు అనిపించింది గానీ, ఆ మాట అతనితో అనలేదు. అలాంటివి అనడానికి నోరెలా వస్తుంది?

ఆ సరుకు పేరు ఢిల్లీశ్వరరావు. తెరుబలి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. కాపురం రాయగడలో, సూర్యకాంతమ్మగారింట్లో వెనక వాటా. పొద్దున్నే పాసింజరెక్కి డ్యూటీకి పోతాడు, సాయంత్రం బండికి దిగుతాడు, చీకటి పడేవేళకి స్టేషను దగ్గర కుర్రాళ్ళు కసరత్తు చేసే తాలింఖానాలో దండీలూ బస్కీలూ తీస్తుంటాడు. ఆదివారం వస్తే ఆ తాలింఖానా జట్టుతో కలిసి ఏదో ఒక కొండెక్కుతాడు. కొండ మీద ఏముందని అడిగితే ఏమీ లేదంటాడు. మరెందుకెక్కడమంటే ఎక్కితే బాగుంటుందంటాడు. బుద్ధిమంతుడే, ఇంకే లోపమూ లేదు.

మూడు పనులకీ మూడు సంచులు. డ్యూటీకి కేరియరు పట్టే ప్లాస్టిక్ వైరు బుట్ట. తాలింఖానాకి గోచీ, తువ్వాలు, నూనె సీసా వేసుకునే గుడ్డసంచి. కొండకి పాత బియ్యం గోనెకు తాడు కట్టిన ఒక వికారం. పొద్దున లేస్తే ఏది ఎందులో ఉందో తెలియక ఇల్లంతా వెతుకులాట. అయితే ఆ వైరు బుట్ట పట్టుకుని తాలింఖానాకి పోవడం బాగుండదు కాబట్టి, సాయంత్రం రైలు దిగగానే అతను ముందు ఇంటికొచ్చేవాడు. బుట్ట ఇచ్చి, సంచి పుచ్చుకుని వెళ్ళాలి. ఈ ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ మధ్య నీలవేణి టీ పెట్టేది.

అతను గడప మీద కూర్చునేవాడు, ఆమె కుంపటి దగ్గర. ఫ్యాక్టరీ కొలిమి మంట ఆవేళ ఏ రంగులో లేచిందో అతను చెప్పేవాడు. సూర్యకాంతమ్మగారి పిల్లి ఎవరి పాలు తాగిందో ఆమె చెప్పేది. పెద్ద మాటలేం కావు. కానీ పొద్దున ఉరుకులు పరుగులు, రాత్రి తాలింఖానా నుంచి ఒళ్ళు హూనమై వచ్చి తిని పడుకోవడం. మొగుడు తన మొహం చూసి తీరిగ్గా మాట్లాడేది ఆ గ్లాసెడు టీ ఉన్నంతసేపే. రోజు మొత్తంలో నీలవేణి ఎదురు చూసేది దానికే.

ఒకనాడు రైలు ఆలస్యమైంది. ఇంటికొచ్చి వెళ్ళే వ్యవధి లేదు. ముందురోజూ అంతే కావడంతో, పొద్దునే గుడ్డసంచిలో కేరియరు కూడా కుక్కి తీసుకెళ్ళాడు మహానుభావుడు. అడుగున మిగిలిన చేపల పులుసు గోచీ మీదికి దిగింది. ఆ గోచీ కట్టుకుని దండీలు తీస్తుంటే జట్టంతా ముక్కులు మూసుకున్నారట. ఇంటికొచ్చేసరికి మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"నాకు పేరెట్టేసేరే. పులుసు ఢిల్లీ అంట."

నీలవేణి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. ఆగలేదు. నవ్వంతా అయ్యాక అంది: "అన్నిటికీ ఒక్కటే సంచి కొనెయ్యి మావా. నాను సూస్తాను గదా."

ఈ మాట అన్నది తనేనని ఆమె తరవాత ఎన్నిసార్లు అనుకుందో.

జీతాలయ్యాక వచ్చిన శనివారం ఇద్దరూ బజారుకెళ్ళారు. సంచులకి రాయగడలో పేరున్న దుకాణం ఆదిశేషుది. ఆయనే కుడతాడు, ఆయనే అమ్ముతాడు, కొన్నవాడు తెంపుకొస్తే ఆయనే మళ్ళీ కుడతాడు. వీళ్ళని చూడగానే విమానం బొమ్మ ఉన్న రెక్సిన్ బ్యాగొకటి తీసి ముందు పెట్టాడు.

"బాబూ, ఇయ్యాల రేపు ఆఫీసర్లందరూ ఇదే. జిప్పు సూడండి, ఎలగ జారతందో."

నీలవేణి జిప్పు చూడలేదు. బ్యాగు తిరగేసి అడుగు చూసింది. లోపల మొహం పెట్టి వాసన చూసింది. పట్టీ పట్టుకుని లాగింది. మొగుడి భుజానికి తగిలించి, "ఓసారి ఒంగు" అంది. ఢిల్లీశ్వరరావు ఒంగాడు. బ్యాగు గిర్రున తిరిగి అతని మెడకింద వేలాడింది.

"కొండెక్కినప్పుడు ఇలగే మొహం మీదకొస్తే దారెలగ కనబడతాది?" అంది.

తరవాత ఖద్దరు జోలె వచ్చింది. దానికి అడుగే లేదు, కేరియరు పడుకుంటుంది. తోలు సంచి వచ్చింది. వానకు తడిస్తే దాన్నే మొయ్యాలి, ఇంక సరుకెక్కడ మోసేది? ఆదిశేషు చెమటలు తుడుచుకున్నాడు. నీలవేణి చూపు మాత్రం ఆయన తలవెనక మేకుకు వేలాడుతున్న ఒక ఖాకీ సంచి మీద పడింది. మిలిటరీ వాళ్ళు వీపున వేసుకునే రకం. రెండు భుజాలకీ రెండు పట్టీలు, గుండ్రటి అడుగు, పైన మూత, మూతకు బకిల్సులు. ఆదిశేషు దాన్నిండా తోలుముక్కలు వేసుకున్నాడు.

"అదేటి?"

"అదా? అది అమ్మేది కాదమ్మీ. పాత మిలిటరీ పిట్టు సంచి. వేలంలో ఏదో సామాను కొంటే దాన్తోపాటు వచ్చింది."

"దించు."

దించాడు. నీలవేణి తోలుముక్కలన్నీ ఆయన గల్లా పక్కనే కుమ్మరించి, సంచిని ఎండకెత్తింది. ఒక్క చిల్లు లేదు. కుట్టు గోటితో గీకింది, దారం కదల్లేదు. అప్పుడు తను తెచ్చిన గుడ్డమూట విప్పింది. అందులో కేరియరు, కేరియరు గిన్నెల్లో అంచులదాకా నీళ్ళు. ఇంటి దగ్గరే నింపి తెచ్చింది. దాన్ని సంచిలో నిలబెట్టి, మూత బిగించి, మొగుడి వీపుకు ఎక్కించింది.

నలుగురిలో మొగుడితో పట్టుమని పది మాటలు మాట్లాడని పిల్ల. కానీ వస్తువు ఎంచేటప్పుడు ఆమెకు సిగ్గే ఉండదు.

"నడు. బేగి నడు. పరిగెట్టు. ఇప్పుడు గెంతు."

"ఇక్కడా?"

"కొండమీదికెళ్ళి గెంతితే సరుకు తిరిగి పుచ్చుకుంటాడేటి?"

ఫ్యాక్టరీలో హైటెన్షన్ తీగలంటే భయపడని ఢిల్లీశ్వరరావు నడిబజార్లో వీపున సంచితో గెంతాడు. జనం పోగయ్యారు. పక్క బియ్యం కొట్టాయన కూడా తూకం ఆపి వచ్చాడు. సంచి దించి చూస్తే కేరియరు నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. ఎవరో ఒరియాలో "భల, భల" అని మెచ్చుకున్నారు. ఆదిశేషు నోరెళ్ళబెట్టాడు. ఇన్నాళ్ళూ తోలుముక్కలు వేసుకున్న సంచిలో ఇంత గొప్పతనముందని ఆయనకే తెలియదు. ఆయనో ధర చెప్పాడు, ఆమె ఒక ధర చెప్పింది, మధ్యలో ఎక్కడో కలుసుకున్నారు. ఆ ధరలోనే లోపల రెక్సిన్ అడ్డు కుట్టించింది. ఒకపక్క కేరియరు, ఒకపక్క తాలింఖానా బట్టలు. చెమటకూ పులుసుకూ ఇక సంబంధం లేదు.

ఇంటికొస్తుంటే ఢిల్లీశ్వరరావు, "నీ కన్ను మంచి కన్నే" అన్నాడు. ఆమెకు ఏనుగెక్కినంత సంబరం.

సోమవారం సాయంత్రం బండి కూత వినబడింది. నీలవేణి కుంపట్లో బొగ్గులు ఎగదోసి టీకి నీళ్ళు పడేసింది. ఆవేళ ఉల్లిపాయ పకోడీలు కూడా వేసింది, సంచికి మొదటి రోజు కదా అని. నీళ్ళు మరిగాయి. పకోడీలు చల్లారాయి. వీధి మలుపు వైపు చూసి చూసి ఆమె మెడ నొప్పెట్టింది. అతను చీకటి పడ్డాక వచ్చాడు, తాలింఖానా ముగించుకుని.

"సంచి బెమ్మాండంగా ఉందే. తిన్నగా స్టేషన్నుంచే ఎల్లిపోయేను. మద్దిన ఇంటికొచ్చే పనే నేదు" అన్నాడు.

నీలవేణి పకోడీల పళ్ళెం పక్కకు నెట్టింది. ఇంటికొచ్చే పనే లేదు! ఆ పని లేకుండా చేసింది ఎవరు? ఆదిశేషు విమానం బొమ్మ బ్యాగు ఇస్తానన్నాడు కదా, తీసుకుని ఊరుకోవచ్చు కదా. అది మొహం మీదికొచ్చేది, పులుసు ఒలికేది, మొగుడు శుభ్రంగా రోజూ ఇంటికొచ్చేవాడు. చేజేతులా చేసుకుంది. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. టీ నీళ్ళు పడెయ్యడం మానేసింది.

ఆదివారం మరీ దారుణం. గోనె ఉన్నప్పుడు అందులో తిండి పెడితే నలిగి ఒలికిపోయేది కాబట్టి దగ్గరి కొండే ఎక్కి మధ్యాహ్నం భోజనానికి వచ్చేసేవారు. ఇప్పుడు సంచి నిండా పులిహోర, నీళ్ళు, దుప్పటి, దెబ్బలకు మందుసీసా. దూరాన ఉన్న దేవగిరి కొండకి పోయి పొద్దుగూకాక వచ్చారు. జట్టంతా ఆ సంచిని మెచ్చుకున్నారట. రైల్వేలో పనిచేసే కూర్మారావు, ఎదురింటాయన, గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పాడు.

"సెల్లీ, ఆ సంచి మా జట్టుకే కళ తెచ్చింది. ఇదివరకు సాయంత్రం ఇంటికెల్లొస్తానని జారుకునీవోడు. ఇప్పుడు తిన్నగా మాతోటే వచ్చెస్తన్నాడు."

"మంచిదే అన్నియ్యా" అంది నీలవేణి. లోపలికొచ్చి సంచిని ఒక్క తన్ను తన్నింది. మంచి గుడ్డ, కాలికేమీ తగల్లేదు. అందుకూ ఒళ్ళు మండింది.

ఇంటావిడ సూర్యకాంతమ్మ ఈ పిల్ల వరసంతా వారం నుంచీ గమనిస్తోంది. "ఏటమ్మీ, అలగున్నావు? ఆడేమైనా అన్నాడేటి?"

"అననేదు పిన్నీ. అనడానికైనా ఇంటికొస్తే గదా."

"వచ్చీమని సెప్పు మరి."

"అతనికే నేని సరదా నాను అడిగి తెచ్చుకుంటానేటి?" అంది నీలవేణి మూతి ముడుచుకుని. అదీ అసలు భయం. సంచి వంకతో అతను వచ్చేవాడు సరే. వంక పోయాక రావాలనిపించలేదంటే, అన్నాళ్ళూ వచ్చింది సంచి కోసమేనా, తన కోసం కాదా? ఈ ప్రశ్న అడిగితే జవాబేమొస్తుందో అని ఆమెకు దడ.

పట్టీ కుట్టు నాలుగు పోగులు తెంపేద్దామని ఒక మధ్యాహ్నం బ్లేడు తీసింది. సంచిని ఒళ్ళో పెట్టుకుంది. ఎంత చక్కటి కుట్టు! చేతులు రాలేదు. బ్లేడు దాచేసి ఏడ్చింది.

మూడో వారంలో ఢిల్లీశ్వరరావుకి మతిమరుపు పట్టుకుంది. సోమవారం తువ్వాలు మంచం కింద వదిలేసి పోయాడు. నీలవేణి చూసింది. తువ్వాలు లేకపోతే చెమటతోనే ఉంటాడు, చలిగాలి కొడుతుంది, జలుబు చేస్తుంది. సాయంత్రం కూర్మారావు తాలింఖానాకు బయల్దేరుతుంటే ఎదురెళ్ళి ఇచ్చింది.

"మీ వోడు మర్సిపోయేడు. ఇచ్చీండి అన్నియ్యా."

ఆ రాత్రి ఢిల్లీశ్వరరావు ముభావంగా వచ్చి, ముభావంగా తిని పడుకున్నాడు. తువ్వాలు పంపినందుకు మంచిమాట ఒక్కటీ లేదు. మర్నాడు నూనె సీసా మర్చిపోయాడు. అదీ కూర్మారావు చేతికే వెళ్ళింది. ఆ మర్నాడు గోచీయే మర్చిపోయాడు. నీలవేణి దాన్ని పాతచీర ముక్కలో మర్యాదగా చుట్టి మరీ పంపింది. ఆ రాత్రి అతను అన్నం కలుపుతూ, "ఆ కూర్మారావుకి ఇంకేటీ పన్నేదేటి?" అని విసుక్కున్నాడు.

'ఒళ్ళిక్కడ, మనసు తాలింఖానాలో. ఇంక వస్తువులేం గుర్తుంటాయి' అనుకుంది నీలవేణి. అనుకుని, మరుసటి రోజు నుంచి సంచి తనే సర్దడం మొదలుపెట్టింది. కేరియరు ఇటు, బట్టలు అటు, సీసా మూత బిగించి, నానబెట్టిన శనగలు పొట్లం కట్టి. రానివాణ్ణి రప్పించలేకపోయినా, తన ఇంటి మనిషి నలుగురిలో తువ్వాలు అడుక్కోకూడదు. సంచి సర్దుతున్నంతసేపూ కోపం, సర్దాక చూసుకుంటే ముచ్చట.

శుక్రవారం పొద్దున అలాగే సర్ది, గుమ్మంలో పెట్టి, మంచినీళ్ళ చెంబు కోసం పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఢిల్లీశ్వరరావు గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమె బిగించిన బకిల్సులు విప్పాడు. అటూ ఇటూ చూశాడు. గోచీ తీసి, బియ్యం డబ్బా వెనక్కి కుక్కాడు. అది ఎక్కడ కనబడుతుందోనని ముందొక చేట కూడా అడ్డం పెట్టాడు. మళ్ళీ బకిల్సులు బిగించి లేచాడు. ఎదురుగా చెంబుతో పెళ్ళాం.

"ఏటది?"

"ఏటి?"

"ఆ డబ్బా ఎనక్కాల."

ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియను కరెంటు కొట్టినట్టు నిలబడ్డాడు. నీలవేణికి అప్పటిదాకా పట్టి ఉంచుకున్నదంతా ఒక్కసారి పొంగింది.

"నాను సర్దిన సంచి కూడా నీకు పనికి రాదేటి? నానేటి సేసేను? ఆ సంచి వచ్చిన కాణ్ణించి నువ్వు సాయంత్రం ఇంటికి రావడం మానేసినావు. కుంపటి ముట్టించి నీకోసం సూసి సూసి ఆర్పేసుకున్నాను. పోనీలే, నీకిష్టమనే ఊరుకున్నాను. దానికి తోడు నాను పెట్టినవన్నీ ఇప్పుడు తీసి పారేస్తన్నావు."

"ఓసి నీ తెలివి!" అన్నాడు ఢిల్లీశ్వరరావు.  "నువ్వన్నీ పెట్టేస్తే నాను ఏ వంకన ఇంటికొచ్చేదే?"

నీలవేణి చెంబు కింద పెట్టింది.

"రైలు దిగీసరికి జట్టంతా నా సుట్టూ ఉంటారు. సంచి వీపున్నే ఉంది, మరింటికెందుకురా అంటారు. కొత్త పెల్లికొడుకు, పెల్లాం మొహం సూడాలంటాడేమో అని ఇకఇకలు. ఆల్ల నోళ్ళు నీకు తెలవదు. తువ్వాలు మర్సిపోయేనంటే ఎల్లనిస్తారని ఒగ్గీసి ఎల్లేను. నువ్వు కూర్మారావుకిచ్చి పంపేసినావు. నూనె ఒగ్గేను, పంపేసినావు. ఆకరికి గోచీ ఒగ్గేను. దాన్ని సీరముక్కలో సుట్టి మరీ పంపితివి. ఆ రోజు ఆల్లు ఎంత నవ్వేరో నాకే తెలుసు."

నీలవేణికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

"మనింటికి రావడానికి వంకెందుకు మావా?"

 స్టేషను వైపు నుంచి బండి కూత వినబడింది. అతను సంచి ఎత్తుకోబోతే ఆమె ఆగమంది. డబ్బా వెనక నుంచి గోచీ తీసి, దులిపి, మడత పెట్టి, సంచిలో దాని చోట దాన్ని పెట్టింది. తువ్వాలు ఉందో లేదో చూసింది. సీసా చూసింది. బకిల్సులు తనే బిగించి అతని వీపుకు ఎక్కించింది.

"అన్నీ ఉన్నాయి. ఏటీ మర్సిపోనేదు" అంది. అతను ఆమె మొహంలోకి ఒకసారి చూసి, బండి కోసం పరిగెత్తాడు.

ఆ రోజు ఎంతకీ గడవలేదు. ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చింది. చెప్పేశాక తేలికపడాల్సింది పోయి ఇంకా భయం పట్టుకుంది. వంకలన్నీ తనే తీసేసింది. ఇవాళ రాకపోతే ఇక రాడు. ఆ జట్టు ముందు నోరు విప్పేంత ధైర్యం అతనికి ఉందో లేదో ఆమెకు తెలియదు. పెళ్ళయి ఏడాది కాలేదు, మనిషి గురించి అంత లోతు ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం బండి వచ్చింది. కాసేపటికి వీధి చివర మగవాళ్ళ గొంతులు వినిపించాయి. జట్టు తాలింఖానా వైపు మళ్ళే మలుపు అది. నీలవేణి గుమ్మంలోకి వచ్చింది. ఖాకీ సంచి జట్టు మధ్యలో కనబడింది. జట్టు ఎడమకు తిరిగింది. సంచీ వాళ్ళతోపాటే ఎడమకు తిరిగింది. నాలుగడుగులు పోయింది. ఆమె గుమ్మం పట్టుకుంది.

సంచి ఆగింది. జట్టులోంచి విడివడి ఇటు మళ్ళింది.

"ఒరే ఢిల్లీ, ఎక్కడికిరా?" కూర్మారావు గొంతు. "మళ్ళీ ఏటి మర్సిపోయేవు?"

"ఏటీ మర్సిపోనేదు!" ఢిల్లీశ్వరరావు వీధంతా వినబడేలా అరిచాడు. "మా ఇంటికెల్తన్నాను. మా ఆవిడ్తో కూకుని టీ తాగి వస్తాను!"

జట్టు గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. అతని చెవులు ఎర్రబడటం నీలవేణికి అంత దూరం నుంచీ తెలిసింది. అయినా అతను నడక మార్చలేదు, వెనక్కి చూడలేదు. వీధిలో అంతమంది మగవాళ్ళు చూస్తున్నా, ఆమె కూడా తలుపు చాటుకు పోలేదు.